రెండుసార్లు పెళ్లయిన అవివాహిత

"నీకేం తెలియదని రాశాను. చదివి సంతకం పెట్టు" అన్నాడు భర్త.

ఆమె అప్పుడు అతని చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తోంది. రేపు లాయరు దగ్గరికి అతను వేసుకెళ్లే చొక్కా. తను ఏం కట్టుకోవాలో ఇంకా చూసుకోలేదు. ఇస్త్రీపెట్టె నిలబెట్టి కాగితం అందుకుంది. అతని గుండ్రటి అక్షరాలు. 'నేను లోకజ్ఞానం లేనిదాన్ని. ఫారంలోని ప్రశ్న అర్థంకాక అవివాహిత అని పొరపాటున గుర్తు పెట్టాను. నా భర్తకు ఈ విషయం తెలియదు.'

ఫోన్ వీడియోలోంచి అత్తగారు అందుకుంది. "అమాయకురాలని కూడా రాయరా. ఆడపిల్లంటే జాలిపడతారు. ఏమ్మా, తప్పా?"

"తప్పేం లేదత్తయ్యా" అంది ఆమె. అలవాటైన మాట. నోరు దానంతట అదే అనేసింది.

వలస కార్యాలయం నుంచి వచ్చిన నోటీసు బల్ల మీదే ఉంది. ఇరవై రోజుల క్రితం అతని మెయిల్‌కి వచ్చింది. ఆమెకి చూపించింది నిన్న. శాశ్వత నివాసానికి పెట్టుకున్న దరఖాస్తు కోసం వాళ్లు పాత రికార్డులు తెప్పించారు. ఆమె పేరు మీద రెండు పెళ్లి నమోదులు దొరికాయి. మొదటిది జరిగిన నెలకి ఆమె ఇచ్చిన వీసా ఫారంలో 'అవివాహిత' అని ఉంది. గడువులో మిగిలిన తొమ్మిది రోజుల్లో సరైన వివరణ ఇవ్వకపోతే తొమ్మిదేళ్ల ఉద్యోగం, ఇల్లు, అన్నీ సర్దుకుని దేశం వదలాలి.

అసలు సంగతి చెప్పుకోవడానికే సిగ్గుచేటు. ఆమెకి పరాయి దేశపు ఆసుపత్రిలో ఉద్యోగం ఖాయమైందని తెలియగానే, కాబోయే అత్తగారు "పిల్ల చేజారిపోతుంది, ముందు సంతకాలు చేయించేయండి" అంది. ఓ మధ్యాహ్నం రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలైపోయాయి. నెల తిరక్కుండా అతనే వీసా ఫారం నింపుతూ, "పెళ్లికాని వాళ్లకి తొందరగా ఇస్తారట. మనకింకా పెళ్లెక్కడైంది? సంతకాలేగా!" అన్నాడు. పట్టుకోవడానికి పెళ్లి కావాల్సి వచ్చింది, పంపడానికి పెళ్లి అక్కర్లేకపోయింది. ఆర్నెల్ల తర్వాత ఆమె సెలవు పెట్టి వెళితే, బంధువులందరి ముందూ పెళ్లి చేసి, వేరే ఊళ్లో మళ్లీ నమోదు చేయించారు. ఆ రెండో కాగితం పట్టుకునే అతను భర్తగా ఇక్కడ దిగాడు.

"సంతకం రేపు లాయరమ్మ ముందు పెడతాను" అంది ఆమె. ఆ మాటకే అతని ముఖం ముడుచుకుంది.

ఆసుపత్రిలో ఆమె పని ఆపరేషన్ పరికరాలు శుభ్రం చేసి, ట్రేలలో సర్ది, సీలు మీద సంతకం పెట్టడం. ట్రేలో తేడా వస్తే సంతకం పెట్టినవాళ్లే ఫోన్ చేసి ఒప్పుకోవాలి. కిందటేడు కొత్తగా చేరిన పిల్ల ఒక కత్తెర తక్కువ పెట్టి, వెక్కివెక్కి ఏడ్చింది. "ఏడుపెందుకే! ట్రే నాది, కత్తెర తక్కువుంది అని చెప్పు. 'ఎందుకంటే' అని మొదలుపెట్టావా, అవతలివాళ్లు వినడం మానేస్తారు" అని ఆమే నేర్పింది. ఉత్తరం చేతికొచ్చిన మర్నాడు, లాయరు గది బయట కూర్చున్నప్పుడు ఆ పిల్ల గుర్తొచ్చి, ఆమెకి తల కొట్టేసినట్టయింది. ఒకరికి నేర్పేంత మొనగత్తె, తొమ్మిదేళ్లుగా తన ట్రే సంగతి ఎవరికీ చెప్పలేదు.

లాయరమ్మ కాగితాలు తిరగేసి కళ్లజోడు తీసింది. "రికార్డు ప్రకారం మీకు రెండు పెళ్లిళ్లమ్మా."

"రెండూ ఈయనతోనే" అంది ఆమె.

"అదృష్టవంతులు సార్ మీరు. ఒక్కసారి దొరకడమే కష్టం." లాయరమ్మ నవ్వలేదు. "ఫారం ఎవరు నింపారు?"

"తనే" అన్నాడు భర్త.

లాయరమ్మ పాత ఫారం నకలునీ, అతను తెచ్చిన ఉత్తరాన్నీ పక్కపక్కన పెట్టింది. అవే గుండ్రటి అక్షరాలు. "మీరు కాసేపు బయట కూర్చోండి సార్."

తలుపు మూసుకుంది.

"చూడమ్మా, నీకు దారి ఉంది. ఆయన నింపాడు, నువ్వు భయపడి సంతకం పెట్టావు. అలా రాద్దాం. నమ్ముతారు."

ఆమె తలూపబోయింది. ఎంత తేలిక! అతని ఉత్తరంలో తను తెలివితక్కువది, లాయరమ్మ ఉత్తరంలో నోరులేనిది. రెండింట్లోనూ తప్పు తనది కాదు. కానీ ఆ రోజు వీసా ఆఫీసు కౌంటరు దగ్గర తనొక్కతే ఉంది. భర్త లేడు, అత్తగారు లేదు. గాజు పలకకి అవతల ఉన్న ఉద్యోగి ఫారం పక్కకి తోసి, ముఖంలోకి చూసి, "పెళ్లయిందా?" అని అడిగాడు. ఫారం ఎవరి చేతిరాతో అతనికి అక్కర్లేదు. అయిందని చెప్పేందుకు ఆమెకి నిండా ఒక నిమిషం దొరికింది. ఎవరూ ఆమె గొంతు పట్టుకోలేదు. "లేదు" అంది. అన్నాక బయటికొచ్చి, ఎండలో బస్సు కోసం నిలబడి, తనలో తను నవ్వుకుంది. పెళ్లై నెలే. అప్పటికే ఎవరితో మాట్లాడావు, ఎందుకు ఆలస్యమైంది అని భర్త నుంచి రోజుకి నాలుగు ఫోన్లు. ఆ ఒక్క మాటతో అవన్నీ లేకుండా పోయినట్టే అనిపించింది. వీసా కోసం ఆడిన అబద్ధమని మనసుకి ఎంత సర్దిచెప్పుకున్నా, ఆ నవ్వు మాత్రం వీసా కోసం కాదు. ఇన్నేళ్లుగా ఆమె ముఖం దాచుకుంటున్నది ఫారానికి కాదు, ఆ నవ్వుకి.

"ఎందుకంటే..." అని మొదలుపెట్టి, ఆగిపోయింది. "ఒక తెల్లకాగితం ఇస్తారా మేడమ్?"

నాలుగు వాక్యాలు రాసింది. 'మొదటి నమోదు నిజం. కౌంటరు దగ్గర నన్ను అడిగినప్పుడు నేను ఒక్కదాన్నే ఉన్నాను, తెలిసే, పెళ్లి కాలేదని అబద్ధం చెప్పాను. చెప్పినందుకు ఆ రోజు సంతోషించాను. ఇప్పుడు సరిచేస్తున్నాను.'

లాయరమ్మ రెండుసార్లు చదివింది. "నీకు ఇది ప్రమాదం. దాచకుండా ఒప్పుకున్నావని వదిలేయొచ్చు, వదలకపోనూ వచ్చు. మూడో వాక్యం తీసేద్దామా? వాళ్లు అడగలేదుగా."

"ఉండనివ్వండి. ఆయన చదవాలి."

భర్తని లోపలికి పిలిచారు. అతని చూపుడువేలు వరసల మీద గబగబా పరుగెత్తింది. మూడో వాక్యం దగ్గర ఆగుతుందేమోనని ఆమె ఆ వేలునే చూసింది. ఆగలేదు. కాగితం వెనక్కి తిప్పి చూశాడు.

"నా పేరెక్కడా లేదుగా?"

"లేదు సార్" అంది లాయరమ్మ.

"హమ్మయ్య. పోనీలే, బాగానే రాసింది." జేబులోంచి ఫోన్ తీశాడు. "అమ్మకి చెప్పాలి, కంగారు పడుతోంది."

లాయరమ్మ కొత్త ఫారం ముందుకు లాగింది. "ఇక ఒక్కటే మిగిలింది. ప్రస్తుత వైవాహిక స్థితి."

"వివాహిత. రాసేయండి" అన్నాడు అతను, ఫోన్ లోంచి తలెత్తకుండానే.

కలం ఆనబోతుండగా ఆమె ఆ గడి మీద అరచెయ్యి పెట్టింది. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. అయినా చెయ్యి తియ్యలేదు.

"గడువు ఇంకా ఎనిమిది రోజులుంది కదా మేడమ్. అది ఖాళీగా ఉంచండి. ఈసారి నిజమేదో తెలుసుకుని, నేనే వచ్చి నింపుతాను."