వేరే దావ

ఆదెన్న చెంబుడు నీళ్ళలో గుడ్డ ముంచి కారు ముందు అద్దం తుడిచాడు. ఆ గుడ్డనే పిండి వెనక అద్దమూ తుడిచాడు. కుళాయిలో నీళ్ళు వచ్చి వారం కావస్తోంది. కుందుర్పిలో ఈ వేసవి చివర కారుకు అంతకంటే స్నానం దొరకదు. అడుగున మిగిలిన ఎర్రటి నీళ్ళు కరివేపాకు చెట్టు మొదట్లో పోసి, చెంబు గోడ మీద బోర్లించాడు.

కారు పాతది, చిన్నది. ఒకప్పుడు తెల్లగా ఉండేది. ఎర్రమట్టి రంగులోకి ఇంకిపోయి, ఇప్పుడు పాలు ఎక్కువైన టీలా కనిపిస్తుంది. కుడివైపు వెనక తలుపు తెరుచుకోదు. ఇంజను మాత్రం ఒక్క తిప్పుకే మేలుకుంటుంది.

ఈ కారు కొనకముందు చాలా ఏళ్ళు అతను బోరు లారీ తోలాడు. లారీ చేనులోకి దిగగానే టెంకాయ కొట్టి, డ్రైవరుకు మజ్జిగ ఇచ్చేవారు. పొడి దుమ్ము తప్ప ఏమీ పైకి రాని సాయంత్రాల్లో ఎవరూ అతని ముఖం చూసేవారు కాదు. తప్పు అతనిది కాదని వాళ్ళకూ తెలుసు. అయినా తల వంచుకుని లారీని గట్టు దాటించుకుని రావడం అతనికి ఎప్పటికీ అలవాటు కాలేదు. ఒకరోజు మానేసి వచ్చాడు.

"మనుషుల్ని ఎక్కించుకోని, వాళ్ళు చేరల్సిన తావున దించితే చాలు నాకు," అన్నాడు భార్యతో.

"నీకు చాలుతాది. ఇంటికి చాలదు," అంది రామలక్ష్మమ్మ. ఆమె అన్నదీ నిజమే అయింది.

మంగళవారం, శుక్రవారం ఊళ్ళో ముసలామె వెంకటలక్ష్మమ్మను అనంతపురం ఆసుపత్రికి తీసుకుపోవడం అతని పని. ఆమె మూత్రపిండాలు పనిచేయడం మానేశాయి. నాలుగు గంటలు మిషను పక్కన పడుకుంటే అది రక్తం శుభ్రం చేసి పంపుతుంది. కొడుకు బళ్ళారిలో లారీ మీద ఉంటాడు. కోడలు జయంతి బడిలో పిల్లలకు వంట చేస్తుంది, రాలేదు. కనుక ఆసుపత్రిలో వెంకటలక్ష్మమ్మకు తోడు, చక్రాల కుర్చీ నెట్టే మనిషి, నర్సు పిలిస్తే పలికే మనిషి, అన్నీ ఆదెన్నే.

ఆ మంగళవారం కారు ఆగేసరికి జయంతి వీధిలోకి వచ్చి నిలబడి ఉంది.

"అత్త రానంటాందన్నా. నువ్వన్నా చెప్పు."

రానన్న మనిషి తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని గడప మీద కూర్చుని ఉంది. ముఖం ఉబ్బి ఉంది. కళ్ళలో పొర వచ్చి, ఎదుటి మనిషిని గొంతును బట్టే గుర్తుపడుతుంది.

"పోకుంటే ఏమైతాదో డాక్టరు చెప్పినాడు కదా పెద్దమ్మా," అన్నాడు ఆదెన్న.

"చెప్పినాడు. ఆయప్ప నీ కారులో ఎప్పుడన్నా కూచున్నాడా?"

జయంతి నవ్వబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"సూదులకు నాకు భయం లేదప్పా. ఆ మిషను కాడ పండుకుంటే నిద్ర గూడా వస్తాది. దావే నన్ను చంపుతాండాది. పోయేటప్పుడు ఒకతూరి, వచ్చేటప్పుడు ఒకతూరి." ఆమె గడప పట్టుకుని లేచింది. "ఈ పొద్దు వస్తా. మీరిద్దరూ మొగం అట్ల పెట్టినారని వస్తా. శుక్రవారం మాత్రం రాను. ఉండేన్ని దినాలు ఈడనే ఉంటా."

ఆమె మాట మార్చే మనిషి కాదు. జయంతి ఆమెను ఎడమవైపు వెనక సీట్లో కూర్చోబెట్టి, చుట్టూ దిండ్లు సర్దింది. తలుపు వేస్తూ ఆదెన్న వైపు చూసింది. అతను ముందు సీట్లో కూర్చుని తాళం తిప్పాడు.

ఊరు దాటగానే చెరువు కట్ట. నీళ్ళు లేని చెరువు. కట్ట మాత్రం పాములా నాలుగు మెలికలు తిరుగుతుంది. అక్కడినుంచి గుట్టల మధ్య మలుపులు. ప్రతి మలుపులోనూ కారు ఒక పక్కకు ఒరిగిపోయేది. సూదులు గుచ్చే ఎడమ చేతిని వెంకటలక్ష్మమ్మ కుడిచేత్తో ఒడిలో పట్టుకుని కాపాడుకునేది. ఇక ఏదైనా పట్టుకోవడానికి మూడో చెయ్యి ఉండేది కాదు. ఒక మలుపులో తలుపుకు కొట్టుకునేది, మరో మలుపులో దిండు మీదికి పడేది. వెనక్కి వాలి పడుకుంటే ఊపిరాడదు. ఆదెన్న ఎంత నెమ్మదిగా తోలినా కారు ఒరగడం మానలేదు. ఆరోజు ఆమె అరవలేదు. ఇదే ఆఖరుసారి అనుకున్న మనిషికి ఉండే ఓపికతో కూర్చుంది. దానికంటే అరుపే నయం అనిపించింది అతనికి.

ఆమెను మిషను దగ్గర పడుకోబెట్టి, మామూలుగా అయితే రైల్వేస్టేషను దగ్గర బాడుగ చూసుకునేవాడు. ఆరోజు తిన్నగా కళ్యాణదుర్గం రోడ్డులో బయ్యన్న షెడ్డుకు పోయాడు.

షెడ్డు గోడకు ఉగాది నుంచీ ఒక ఇనుప కడ్డీ వేలాడుతోంది. బొటనవేలంత లావు, రెండు చివర్లా వంగి, పలుపులు విప్పేసిన కాడిలా ఉంటుంది. ఏదో పెద్ద కారును తుక్కుకు వేసినప్పుడు బయ్యన్న విప్పి దాచాడు. వెనక చక్రాల మధ్య వేస్తే కారు మలుపుల్లో ఒరగదని, నీ బండికి సరిపోతుందని అప్పుడే చెప్పాడు. ఆదెన్న చూద్దాంలే అన్నాడు. చూద్దాంలే అంటూనే ఎండాకాలం గడిచిపోయింది.

"ఆ రాడ్డు ఈ పొద్దే వెయ్యల్ల బయ్యన్నా."

"ఏమప్పా, ఎండకు గాని తిక్క లేసిందా? ముందర రెండు బండ్లుండాయి చూడు."

"పెద్దమ్మ శుక్రవారం నుంచి రానంటాంది."

బయ్యన్న చేతిలోని పానా వైపు ఒకసారి చూసుకున్నాడు. అతని తండ్రి కూడా ఆ మిషను మీదే చివరి సంవత్సరం గడిపాడు. విప్పదీస్తున్న స్కూటరును గోడకు జరిపి, "లోపలికి తీస్కరా," అన్నాడు.

కారు వెనక భాగం జాకీ మీద లేచింది. చక్రాలు ఊడదీశారు. ఇద్దరూ గోతాలు పరుచుకుని కిందికి దూరారు. ఏ చిన్న దెబ్బ వేసినా ఎండిన మట్టి పెచ్చులు ముఖం మీద రాలుతున్నాయి. కొంత ఎర్రది, కొంత నల్లది. ఏ ఊరి మట్టి ఏదో ఆదెన్న చెప్పగలడు గాని, నోరు తెరిస్తే నోట్లోనే పడేలా ఉంది.

"ఎత్తు. ఇంకా. అట్లే పట్టుకో."

పొట్ట మీద ఆనించుకున్న కడ్డీని ఆదెన్న రెండు చేతులా పైకెత్తి పట్టుకున్నాడు. బయ్యన్న సున్నపు ముక్కతో గుర్తులు పెట్టాడు. ఇరుసుకు రెండు పట్టీలు, పట్టీలకూ కడ్డీకీ మధ్య రబ్బరు. కడ్డీ చివరలను బాడీకి తగిలించడానికి రెండు రేకు ముక్కలు కోసి, వెల్డింగు చేశాడు. సైలెన్సరు గొట్టానికి తగలకుండా వేలు దూరేంత సందు వదిలాడు. వేలు పెట్టి చూసి, మళ్ళీ చూశాడు.

"ఇది కాడి అనుకో. ఒక ఎద్దు కుంగితే రెండోది ఊరికే నిలబడుకోదు కదా, ఇదీ అంతే. ఒక చక్రం కిందికి పోతే రెండోదాన్ని గూడా లాగుతాది. అప్పుడు బండి సమంగా ఉంటాది. గుంతల్లో మాత్రం కొంచెం కొడతాది చూడు."

"గుంతలు నాకు తెలుసులే," అన్నాడు ఆదెన్న, మట్టి ఉమ్మేసి. "గుంతను తప్పిస్తా. మలుపునెట్ల తప్పించేది?"

చక్రాలు బిగించి, కారును రెండు చెక్క దిమ్మెల మీదికి ఎక్కించారు. అయిపోయిందనుకుని ఆదెన్న చేతులు తుడుచుకుంటున్నాడు.

"ఇంకా బిగించలేదప్పా. బండి గాల్లో ఏలాడేటప్పుడు బిగిస్తే రబ్బరు మెలిక పడి చీలిపోతాది. బరువు దిగినాక బిగించల్ల. పెద్దమ్మ కూచునే తావు యాది?"

"వెనక, ఎడమపక్క."

"పోయి ఆడ కూచో."

"నేనా?"

"నీ బండే కదా. బాడుగ అడుగుతానని భయమా?" బయ్యన్న అప్పటికే కిందికి దూరుతున్నాడు. "ఆమె ఎంత బరువుంటాది?"

"నాలో సగం గూడా లేదు."

"అట్లయితే సగం కూచో."

నవ్వుతూనే ఆదెన్న ఎక్కి కూర్చున్నాడు. ఆ బండి కొన్నప్పటి నుంచీ అతను ఎప్పుడూ ఆ సీట్లో కూర్చోలేదు. అక్కడినుంచి దారి కనిపించదు. ముందు సీటు వీపు, దాని మీదుగా డ్రైవరు చెవి, మెడ కనిపిస్తాయి. అద్దం మీద, తల ఆనే చోట, నూనె మరక ఒకటి గుండ్రంగా ఉంది. తొడ పక్కన సీటు గుడ్డ చిరిగి ఉంది. చిరుగులో వేలు పెట్టి చూశాడు. లోపలి స్పాంజిని ఎవరో కొద్దికొద్దిగా గోటితో గిల్లినట్టు చిన్న గొయ్యి. మలుపుల్లో ఒడిలోని చేతిని కాపాడే పెద్దమ్మ కుడిచేతి వేళ్ళు, మలుపుకూ మలుపుకూ మధ్య ఒకోసారి ఇక్కడ పట్టు వెతుక్కున్నాయి. ఆమె ఈ సంగతి ఎన్నడూ చెప్పలేదు. కిందినుంచి పానా తిరుగుతున్న అదురు సీటులోంచి అతని వెన్నులోకి వస్తోంది. బయ్యన్న ముక్కుతూ ఒక్కొక్క నట్టునూ బిగిస్తున్నాడు. చివరి నట్టు దాకా ఆదెన్న కదలకుండా కూర్చున్నాడు.

వెంకటలక్ష్మమ్మను కుర్చీలో బయటికి తెచ్చినప్పుడు ఆమె ముఖంలో ఉబ్బు తగ్గింది, రక్తం కూడా తగ్గినట్టుంది. సీట్లో కూర్చోగానే చేతిని ఒడిలోకి తీసుకుని, కళ్ళు మూసుకుని, మొదటి మలుపు కోసం ఒళ్ళు బిగబట్టింది.

మొదటి మలుపు వచ్చింది, పోయింది. రెండోది కూడా పోయింది. గుంతలను ఆదెన్న ఒక్కొక్కటిగా తప్పిస్తున్నాడు. గుట్టల మీద గాలిమరలు మెల్లగా తిరుగుతున్నాయి. మూడో మలుపు తర్వాత వెనకనుంచి గొంతు వినిపించింది.

"ఏమప్పా ఆదెన్నా."

"చెప్పు పెద్దమ్మా."

"యా దావలో పోతాండావు?"

అద్దంలో చూశాడు. పొరలు కమ్మిన కళ్ళు కిటికీ వైపు తిరిగి ఉన్నాయి. కడ్డీ సంగతి నోటిదాకా వచ్చింది. కడ్డీ, ఇరుసు, రబ్బరు అని ఆమెకు ఏమని చెబుతాడు?

"వేరే దావ పెద్దమ్మా."

"అట్లనా. ఇంతకాలం ఈ దావ లేదా?"

"ఉన్నింది. నాకే తెలీలేదు."

"బోరు లారీ తోలినా, జిల్లా అంతా తిరిగినా అంటావు. దావ తెలీకనే తిరిగితివా?"

"తెలీకనే తిరిగినా."

"మంచి డ్రైవరువప్పా! ఆ పాడు దావలో నా ఎముకలన్నీ ఇరగ్గొడితివి కదా." ఆమె గొంతులో చాలా రోజుల తర్వాత దెప్పిపొడిచే సత్తువ వచ్చింది. దిండు ఒకటి తీసి పక్కన పడేసింది. "శుక్రవారం గూడా నన్ను ఇట్లే తోలుకుపో," అంది.

ఆదెన్న ఇంకో గుంతను తప్పించాడు. "అట్లనే," అన్నాడు.

కళ్యాణదుర్గం దాటాక ఆమె నీళ్ళు అడిగింది. రోజుకు ఇన్ని నీళ్ళే తాగాలని డాక్టరు కట్టడి చేశాడు. ఆదెన్న కారు ఆపి, ఆమె సంచిలోంచి చిన్న స్టీలు గ్లాసు తీసి, సీసాలోంచి వంచి ఇచ్చాడు. సగం తాగి, మిగతావి అతనికి అందించింది.

"ఆడ పెట్టు. కట్ట దాటినాక తాగుతా. ఒక్కతూరే తాగేస్తే ఎదురుచూసేకి ఏముంటాది?"

"ఒలుకుతాయేమో."

"ఏంటికి ఒలుకుతాయి? దావ బాగుండాది కదా."

చేతిబ్రేకు వెనకనున్న చిన్న గుంతలో గ్లాసు పెట్టి, అతను కారు కదిలించాడు.

వానకోసం దున్ని వదిలిన వేరుశనగ చేలు ఎండలో ఎర్రగా మెరుస్తున్నాయి. అద్దంలో చూస్తే ఆమె తల కిటికీకి ఆని ఉంది. నిద్ర. ఈ దారిలో ఆమె ఎన్నడూ నిద్రపోలేదు. హారను కొట్టాల్సిన చోట కూడా కొట్టకుండా, మేకల మంద పక్కకు తొలిగేదాకా ఆగాడు. కాపరి ఏమిటన్నట్టు చూస్తే, వెనక సీటు చూపించి వేలు పెదాల మీద పెట్టుకున్నాడు.

చెరువు కట్ట మొదలయ్యేచోట, ఆమె ఎప్పుడూ స్వామీ అని అరిచే మలుపులో, వెనకనుంచి ఏ శబ్దమూ రాలేదు. కారు నిటారుగా మలుపు తిరిగింది. రెండో మెలికలో ఆమె చెయ్యి ఒడిలోంచి జారి సీటు మీద పడింది. దాన్ని ఆమె మళ్ళీ తీసుకోలేదు.

ఆదెన్న కారు ఆపాడు. దిగి, చుట్టూ తిరిగి వచ్చి, తలుపు మెల్లగా తెరిచాడు. సూదుల చేతిలో, చర్మం కింద, తుమ్మెద రొదలాంటి అదురు ఒకటి ఎప్పుడూ ఉండేది. అది ఉన్నంతకాలం చెయ్యి పనిచేస్తున్నట్టని నర్సు చెప్పింది. రోజూ పొద్దున్నే ఆమె జయంతిని, ఆసుపత్రిలో అతన్ని పట్టుకుని చూడమనేది. అతను అక్కడ వేళ్ళు పెట్టాడు. చాలాసేపు ఉంచాడు. అదురు లేదు. చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. ముఖం మీద నొప్పి తాలూకు ముడి ఒక్కటీ లేదు.

చేతిని తిరిగి ఆమె ఒడిలో పెట్టాడు. ఆమె పక్కన పడేసిన దిండు తీసి తలకు ఆనించాడు. ఇక ఎంత ఒరిగినా ఆమెకు తెలియదు. అయినా మిగిలిన రెండు మెలికలూ ఎప్పటికంటే నెమ్మదిగా తోలాడు.

ఇంటి ముందు జయంతి తలుపు తెరిచింది. వంగి చూసింది. అత్త చెంప మీద చెయ్యి పెట్టి, అలాగే నేల మీద కూర్చుండిపోయింది. వీధిలోని ఆడవాళ్ళు పరుగున వచ్చారు. మగవాళ్ళు ముగ్గురు వెంకటలక్ష్మమ్మను లోపలికి ఎత్తుకుపోయారు. ఎవరో బళ్ళారికి ఫోను చేస్తున్నారు.

కొంతసేపటికి జయంతి గడప దగ్గరికి వచ్చింది.

"దావలో శానా నొచ్చిందా అన్నా?"

"లేదమ్మా. నిద్రపోయింది."

"ఏమన్నా అనిందా?"

"శుక్రవారం గూడా వస్తాననింది."

జయంతి అతని ముఖంలోకి చూసింది. ఓదార్పు కోసం అంటున్నాడేమోనని వెతికి, కాదని తెలుసుకుని, తల ఊపింది. అప్పుడు ఏడుపు వచ్చింది ఆమెకు.

వీధిలో పందిరి గుంజలు దించుతున్నారు. కారు కొంచెం తియ్యప్పా అన్నారెవరో. ఆదెన్న ఎక్కి కూర్చుని, వెనక్కి పోనివ్వడానికి చేతిబ్రేకు మీద చెయ్యి వేశాడు. దాని వెనక, గుంతలో, చిన్న స్టీలు గ్లాసు నిలబడి ఉంది. కట్ట దాటినాక తాగుతానన్న నీళ్ళు అందులో చుక్క తగ్గకుండా, కదలకుండా ఉన్నాయి.