ఎస్తేరుపేట ఎడమ పాయింటు

నేను ఒక రైలు పాయింటును. పేరు విని పెద్దగా ఊహించుకోకండి, మొత్తం కలిపి మీ అరచేతంత ఉంటాను. బొమ్మ రైలు తిన్నగా వెళ్తూ వెళ్తూ పక్క లైనులోకి మళ్లాలంటే దారి చూపించేది నేనే. నాకు రెండు నాలుకలున్నాయి, అయినా అబద్ధమాడను. అవి ఇటు జరిగితే బండి తిన్నగా పోతుంది, అటు జరిగితే పక్కకి తిరుగుతుంది. అంతే నా ఉద్యోగం.

నేను పుట్టింది శ్రీకాకుళంలో, కట్టుడు పళ్లు తయారుచేసే గదిలో. నన్ను చేసిన కృపావరం పగలంతా డాక్టర్లు పంపిన అచ్చుల్ని బట్టి పళ్ల సెట్లు చేస్తాడు. సాయంత్రం ఆరు దాటితే అతనికి రైళ్లు తప్ప మరో లోకం లేదు. చిన్నప్పుడు నౌపడలో, ఇరుకు పట్టాల మీద నడిచే నేరోగేజి బండి ఎక్కి అమ్మమ్మగారి ఊరు వెళ్లేవాడట, ఆ మోజు ఇంకా తీరలేదు. నాలుగడుగుల బల్ల మీద చిన్న స్టేషను కట్టి, దానికి భార్య పేరు మీద ఎస్తేరుపేట అని పేరు పెట్టాడు. "పేరూ నాదే, దుమ్ము దులపడమూ నాదే" అంటుంది ఎస్తేరు.

విశాఖలో ఇలాంటి రైలు పిచ్చివాళ్లకి ఒక క్లబ్బుంది. ఏటా ఒకసారి అందరూ తమ బల్లలు తెచ్చి వరసగా కలిపి, ఈ కొస నుంచి ఆ కొసకి బళ్లు నడుపుతారు. పోయినేడు ఎస్తేరుపేటకి వచ్చిన ప్రతి బండీ పాయింటు దగ్గర పడిపోయింది. క్లబ్బు కార్యదర్శి ఫణీంద్ర మర్యాదగానే "ఈసారికి పక్కన పెడదామండీ" అన్నాడు. బల్లని ఊడదీసి గోడకి ఆనించారు. రెండు రోజులూ కృపావరం పక్కవాళ్ల స్టేషన్ల దగ్గర నిలబడి చప్పట్లు కొట్టి ఇంటికొచ్చాడు. ఈ ఏడు బండి పడకూడదు, బల్ల గోడెక్కకూడదు. ఆ పంతంతోనే నన్ను మొదలుపెట్టాడు.

నన్ను చేయడానికి ఐదు వారాలు పట్టింది. పాత రేడియో లోపలుండే రాగి పూత అట్టని సన్నగా కోసి పట్టాల కింద అడ్డంగా పరిచే స్లీపర్లు చేశాడు. పట్టాల్ని ఆకురాయితో అరగదీసి, నాలుకల కొసల్ని గోరుకంటే పలచన చేసి, దవడ క్లిప్పులకి టంకం పెట్టే చేత్తోనే నాకూ పెట్టాడు. రెండు పట్టాల మధ్య తొమ్మిది మిల్లీమీటర్లు. వెంట్రుకంత తేడా వచ్చినా ఊడదీసి మళ్లీ అతికేవాడు. ఆ మనిషి ఓపిక చూసి నాకే విసుగొచ్చేది.

పళ్ల సెట్టు ఎక్కడ ఎత్తుగా ఉందో తెలుసుకోవడానికి నోట్లో పెట్టి కరిపించే నీలం కాగితం ఒకటుంటుంది. దాన్ని నా మీద పరిచి చక్రాన్ని దొర్లించాడు. నీలం మచ్చ పడ్డచోట ఒక్క రుద్దు రుద్ది, మళ్లీ దొర్లించాడు. ముప్పై సార్లు దొర్లించినా చక్రం కుదుపు లేకుండా జారిపోయింది. కృపావరం నన్ను ఎత్తి ముద్దుపెట్టుకున్నంత పని చేశాడు.

ఆ తరవాత నన్ను తీసుకెళ్లి బల్ల మీద పెట్టాడు. నేను కుడివైపు బియ్యం గోదాములోకి దారి చూపించాలి. చూపించానా? ఎడమవైపు తిరిగి బొమ్మ చెరువులోకి చూపించాను.

"ఏమండీ, బస్తాలు చేపలకా?" అంది ఎస్తేరు.

తప్పెలా జరిగిందో వింటారా? అచ్చులో నోరంతా తిరగబడి ఉంటుంది. ఇరవై రెండేళ్లుగా అచ్చు చూడగానే కుడిని ఎడమ, ఎడమని కుడి చేసుకోవడం కృపావరం చేతికి అలవాటైపోయింది. నా నమూనా గీసిన పలచటి కాగితాన్ని కూడా ఆ అలవాటు కొద్దీ తిరగేసి అతికించి, దాని మీదే నన్ను కట్టాడు. పళ్లు చేసేవాడు తప్ప ఇంకెవడూ చేయలేని తప్పు అది.

క్లబ్బు వేడుకకి పది రోజులే ఉంది. ఇంకో పాయింటుకి ఐదు వారాలు కావాలి. కృపావరం నన్ను విరిగిన అచ్చుల డబ్బాలో పడేశాడు. నాకు ఏడుపొచ్చింది. నాలో వంకలేదు, వంకంతా కాగితానిది.

మర్నాడు గౌరునాయుడు అనే ముసలాయన కొత్త పళ్లు చిగురుకి గుచ్చుకుంటున్నాయని వచ్చాడు. కృపావరం సెట్టు తీసుకుని అరగదీస్తుంటే ఆయన బోసినోటితో కూర్చుని డబ్బాలోకి తొంగిచూశాడు. నన్ను తీసి, బొటనవేలితో నాలుకల్ని ఇటూ అటూ జరిపాడు. ఆ వేలికి నేనెవరో తెలుసు. అంత హాయి నాకు మళ్లీ ఎన్నడూ కలగలేదు.

"బాబూ, ఏటిది? పాయింటు కాదేటి? నౌపడ లైనులో ముప్పై నాలుగేళ్లు పాయింట్స్‌మేన్‌గా సేసినాను నేను. దీన్నెందుకు పారేసినావు?"

కృపావరం బల్ల చూపించి, తన తప్పు చెప్పుకున్నాడు. ముసలాయన గోదాము వైపు చూసి నవ్వడం మొదలుపెట్టాడు.

"నువ్వు గీసుకున్నట్టు కుడి పాయింటే ఎట్టినావనుకో. ఇంజను ముందు, పెట్టెలు ఎనకాల. ఇంజను గోదాములోకి దూరిపోతాది. పెట్టెలు దారికడ్డం ఉంటాయి. మరి ఇంజను బయటికెలా వస్తాది?"

కృపావరం బల్ల మీదికి వంగి, బండి వెళ్లే దారిని వేలితో గీసి చూసుకున్నాడు. వందల రైలు ఫోటోలు చూసిన మనిషి, ఆ ఒక్క సంగతీ ఆలోచించలేదు.

గౌరునాయుడు నన్ను కొస మార్చి పట్టుకుని గోదాముకి అవతలి చివర పెట్టాడు. అంతే, నేను చూపించే దారి నేరుగా గోదాములోకే వెళ్లింది.

"ఇలాగెట్టు. బండి దీన్ని దాటి ముందుకెల్లి, ఎనక్కి తోస్తాది. పెట్టెలు లోపలుంటాయి, ఇంజను బయటుంటాది. మేం సేసిందీ ఇలాగే."

"తాతగారూ, వేడుకకి మీరు రావాలి" అన్నాడు కృపావరం.

"ముందు నా పళ్లియ్యి బాబూ."

కృపావరం నన్ను అవతలి చివర బిగించి, విరిగిన అచ్చుల్నే పొడిచేసి, రంగు కోసం టీ డికాషన్‌లో నానబెట్టి, కంకరగా నా చుట్టూ పోశాడు. ఊళ్లోవాళ్ల దవడల మధ్య కూర్చున్నానన్న మాట.

వేడుకరోజు ఎస్తేరుపేట వరసలో చేరింది. మొదటి బండి నన్ను దాటి ముందుకెళ్లి ఆగింది. గౌరునాయుడు కొత్త పళ్లతో వంగి, నా నాలుకల్ని జరిపే తీగని లాగి పట్టుకున్నాడు. బండి వెనక్కి రాసాగింది. కృపావరం ఊపిరి బిగబట్టాడు. నేనూ బిగబట్టాను.

"వదిలెయ్యండి తాతగారూ, దానంతటదే నిలబడుతుంది" అన్నాడు ఫణీంద్ర.

"పెట్టెలన్నీ దాటీదాకా ఒగ్గకూడదు బాబూ."

ఒకటి, రెండు, మూడు. మూడు పెట్టెలూ కుదుపు లేకుండా గోదాములోకి వెళ్లాయి. కొక్కెం విప్పగానే ఇంజను దర్జాగా బయటికొచ్చింది. అప్పుడు తీగ వదిలాడు ఆయన.

"పాయింటు ఎక్కడ కొన్నారండీ?" అని ఫణీంద్ర అడిగాడు.

"కొనడమేటి? ఈ బాబే సేసినాడు" అన్నాడు గౌరునాయుడు. "తిరగేసి సేసినాడు గానీ, బాగా సేసినాడు."

ఎస్తేరు పకపకా నవ్వింది. కృపావరం కళ్లు తుడుచుకుంటూ తనూ నవ్వాడు. నన్ను నేను పొగుడుకోకూడదు గానీ, ఆ రెండు రోజుల్లో డెబ్బై మూడు బళ్లు నా మీదుగా వెళ్లాయి. ఒక్కటీ పడలేదు.