ఉత్తర్వులో నాలుగో పేజీ

ఆర్విల్ రాస్నిక్ దవడ మూడు చోట్ల విరిగిందనీ, కుడిచేతి వేళ్లు రాయి మీద పెట్టి సుత్తితో చితక్కొట్టారనీ అతని భార్య మేవిస్ ఫోన్లో చెబుతుంటే లెనోరాకు ముందుగా గుర్తొచ్చింది ఆఫీసు నియమం. జడ్జిగారి గుమాస్తా సాక్షి తాలూకు మనుషులతో మాట్లాడకూడదు. ఫోన్ పెట్టేయండమ్మా అనాలి. నోరు రాలేదు.

“నర్సు పళ్లు ఏరి నా చేతిలో పెట్టింది. ఐదు,” అంది మేవిస్. “పేరు బయటికి పొక్కదని మీవాళ్లు ఒట్టేసి చెప్పారే! విచారణకి ఇంకా పది రోజులుంది. వాళ్లకెలా తెలిసిందమ్మా?”

“నాకు తెలీదండీ,” అంది లెనోరా. అప్పటికి అది నిజమే.

ఏడాది కిందట ఆరో నంబరు బొగ్గుగనిలో పైకప్పు కూలి ఇద్దరు చచ్చిపోయారు. ఒకడి శవాన్ని బయటికి తీయడానికి రెండు రోజులు పట్టింది. ఇంకొకడిని గోనెసంచిలో తెచ్చారు, మిగిలినంత. పైకప్పును పట్టి ఉంచే బోల్టులు బిగించకుండా తవ్వమని మేస్త్రీయే చెప్పాడని ప్రభుత్వ ఇన్‌స్పెక్టరు కేసు రాశాడు. కంపెనీ కాదంది. వెస్ట్ వర్జీనియా కొండల్లో ఇలాంటి కేసులు మామూలు కోర్టుకు పోవు, గనుల భద్రత చూసే సంస్థలోనే జడ్జీలుంటారు, వాళ్లే వింటారు. మేస్త్రీ ఆ మాటనడం విన్నవాళ్లలో బతికున్నది ఆర్విల్ ఒక్కడే. అలాంటి సాక్షి పేరు విచారణకు రెండు రోజుల ముందు దాకా కంపెనీకి చెప్పకూడదు. ఆ రూలు ఊరికే పుట్టలేదు. నోరు విప్పినవాడి ఇల్లు తగలబడటం, గొంతు కోసిన కుక్క గుమ్మంలో పడుండటం ఇక్కడ తాతల నాటినుంచీ ఉన్నదే.

ఫోన్ పెట్టేశాక లెనోరా పాత ఉత్తర్వు తీసింది. సాక్షి పేరు ఇప్పుడే ఇవ్వాలని కంపెనీ లాయరు వేసిన అర్జీని కొట్టేస్తూ మూడు వారాల కిందట రెండు పక్షాలకూ వెళ్లినది అది. జడ్జి కెఫర్ పద్ధతి ఏమిటంటే, పసుపు కాగితం ముక్క మీద ‘కుదరదు’ అని ఒక్క మాట గీకి ఆమె బల్లమీద అంటిస్తారు. ఆ ఒక్క మాటకు ఎనిమిది పేజీల కారణాలు ఆమె రాయాలి. రాయడంలో ఆమె దిట్ట. ఆ మాట అందరూ అనేవాళ్లు, ఆమెకూ తెలుసు, కాస్త ఎక్కువే తెలుసు.

నాలుగో పేజీలో వేలు ఆగిపోయింది. “మరిచిపోయిన భోజనం డబ్బా కోసం ఆ కార్మికుడు వెనక్కి నాలుగడుగులు వేశాడు. అతని వెనక కొండ కూలింది.” దీని పక్కన పెన్సిల్‌తో జడ్జిగారి టిక్కు ఉంది. “అప్పీలు వినే పై వాళ్లు కూడా చదువుకుంటారమ్మాయ్ దీన్ని,” అని మెచ్చుకున్నారు కూడా. సీలు వేసిన వాంగ్మూలంలోంచి ఏరుకున్న ముచ్చట అది. పేరు రాయలేదు, వయసు రాయలేదు, షిఫ్టు రాయలేదు. కానీ రోజూ డబ్బా మరిచిపోయి తోటివాళ్ల చేత తిట్లు తినేవాడు ఆ గనిలో ఎవడో గోడల్ని అడిగినా చెబుతాయి. కంపెనీవాళ్లకు కష్టపడాల్సిన అవసరమే లేకపోయింది. ఆమే చేతికిచ్చింది.

లెనోరా కాగితం పట్టుకుని జడ్జిగారి గదిలోకి వెళ్లింది.

ఆయన చదివారు. కళ్లద్దాలు తీశారు. “పేరు రాయలేదుగా మనం?”

“లేదండీ. కానీ...”

“రాయలేదు. అంతే. సంతకం నాది, మాట పడితే నేను పడతాను. నువ్వు మాత్రం ఎక్కడా నోరు జారకు. ఈ సంగతి రేగిందంటే కేసు ఇంకో జడ్జికి పోతుంది, ఇంకో ఏడాది పడుతుంది. అప్పటిదాకా ఆ సాక్షి బతికుంటాడని పూచీ ఏముంది?”

ఆయన అన్నదాంట్లో న్యాయం లేకపోలేదు, అదే ఆమెకు ఒళ్లు మండించింది. తిరిగి బల్ల దగ్గరికి వచ్చేసరికి ఫోన్ మోగుతోంది. మళ్లీ మేవిసే.

“ఆర్విల్ సాక్ష్యం సంగతి చెప్పింది ఒక్క హోబర్ట్‌కేనమ్మా. ఇద్దరూ చిన్నప్పటినుంచీ ఒకే కంచంలో తిన్నారు. వాడే అమ్ముకున్నాడని మా బావగారు వేడ్ అంటున్నారు. గునపం పట్టుకుని బయల్దేరారు. మంచమ్మీంచి మా ఆయన కాదు కాదని తల ఊపుతూనే ఉన్నాడు, ఎవరు వింటారు? పోలీసులకి చెప్పాను, వాళ్లు కొండకి అవతల ఉన్నారట. నలభై నిమిషాలు!”

మేవిస్ చెప్పిన గుర్తుల ప్రకారం హోబర్ట్ ఇల్లు పన్నెండు మైళ్లు. లెనోరా బ్యాగులో ఉత్తర్వు పడేసుకుంది. జడ్జిగారు తలుపు దగ్గరికి వచ్చి “లెనోరా! వెళ్లావంటే మళ్లీ ఈ గుమ్మం ఎక్కక్కర్లేదు!” అని అరిచారు. ఆమె అప్పటికే మెట్లు దిగుతోంది.

వాగు పక్కన రేకుల ఇల్లు. ముంగిట్లో గడ్డి కోసే యంత్రం విప్పి పెట్టి ఉంది, దాని మరలు నేలంతా చెల్లాచెదురుగా పడున్నాయి. హోబర్ట్ తన ట్రక్కు కిందికి పాక్కుంటూ పోతున్నాడు. ఎడమ కన్ను ఉండాల్సిన చోట నెత్తుటి ముద్ద తప్ప ఇంకేం లేదు. వేడ్ అతన్ని కాలు పట్టి బయటికి ఈడ్చాడు. అతని చేతిలో ఉన్నది గనిలో కప్పునుంచి పెచ్చులు రాల్చే గునపం, మనిషంత పొడుగు.

“నేను కాదురా వేడ్! నేను కాదు!”

“నువ్వు కాకపోతే మీ అమ్మా? నా తమ్ముడు చెప్పింది నీకొక్కడికేరా, దొంగనాయాలా!”

గునపం మోకాలి మీద పడింది. ఎండుకట్టె విరిగిన చప్పుడైంది. హోబర్ట్‌కు అరవడానికి కూడా ఊపిరి చాల్లేదు, బొగ్గు దుమ్ము తిన్న ఊపిరితిత్తులు కీచుమన్నాయి. వేడ్ ఏడుస్తున్నాడు. ఏడుస్తూనే మళ్లీ ఎత్తాడు, ఈసారి తల మీదికి.

“ఆపండి! వాళ్లకి చెప్పింది నేను!” లెనోరా కారు తలుపు కూడా వెయ్యకుండా పరిగెత్తింది.

“ఎవత్తివే నువ్వు?”

“జడ్జిగారి గుమాస్తాని. ఉత్తర్వు రాసింది నేను. ఇతనికేం సంబంధం లేదు.”

“ఆర్విల్ పేరు రాశావా అందులో?”

“పేరు రాయలేదు.”

“మరింకేంటి? వీణ్ణి కాపాడ్డానికి కంపెనీవాడు పంపించాడా నిన్ను? పక్కకి తప్పుకో!”

“చదువుతాను. ఒక్క రెండు ముక్కలు వినండి.” బ్యాగులోంచి కాగితాలు లాగింది. నాలుగో పేజీ వెతికింది. మూడు వారాలుగా నోటికొచ్చిన వాక్యమే, ఇప్పుడు నోరు తిరగట్లేదు. ఎలాగో చదివింది. భోజనం డబ్బా. నాలుగడుగులు. కొండ కూలింది.

వేడ్ చేతిలోని గునపం మెల్లగా దిగింది.

“డబ్బా,” అన్నాడు. “అయ్యో, డబ్బా!” తమ్ముణ్ణి ఆ డబ్బా పేరు పెట్టి తనే ఎన్నిసార్లు ఏడిపించి ఉంటాడో. ఆమెకేసి చూశాడు. గొంతు తగ్గింది, అరుపు కంటే అదే ఎక్కువ భయపెట్టింది. “ఇది లేకపోతే జడ్జి సంతకం పెట్టడా?”

“పెట్టేవారు.”

“కేసు నిలబడదా?”

“నిలబడేది.”

“మరెందుకు రాశావు?”

దారి పొడుగునా లెనోరా ఎన్నో జవాబులు కూడగట్టుకుంది. కారణం బలంగా ఉండాలనీ, పై వాళ్లకు ఆపద అర్థం కావాలనీ, చనిపోయిన ఇద్దరి కోసమనీ. ఏదీ నిజం కాదు. ట్రక్కు పక్కన నెత్తుటిలో పడున్న మనిషి ముందు అబద్ధం ఆడటానికి సిగ్గేసింది.

“బాగుంటుందని రాశాను,” అంది. “చదవడానికి బాగుంటుందని.”

వేడ్ కొట్టాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. మెడకింద ఎముక పుటుక్కుమని విరిగింది, మోకాళ్ల మీద కూలబడింది. ఉత్తర్వు బురదలో పడింది. అతను రెండోసారి ఎత్తేసరికి కింద నుంచి హోబర్ట్ మాట్లాడాడు. నోట్లో నెత్తురు నిండి మాట ముద్దముద్దగా వచ్చింది.

“ఎన్నిసార్లు చెప్పాన్రా నేను కాదని?”

వేడ్ ఆగాడు.

“దెబ్బ దెబ్బకీ చెప్పాను. ముప్పై ఏళ్లు నీ పక్కన పొట్టమీద పాకుతూ బొగ్గు తవ్వానురా. నీ పెళ్లికి నా కోటు ఇచ్చాను. నా మాట నీ చెవికెక్కలేదు. ఎవరో తెలీని మనిషి వచ్చి కాగితం చదివితే ఎక్కింది.”

గునపం జారి మరల మధ్య పడింది. వేడ్ మోకరిల్లి, హోబర్ట్ భుజాల కింద చేతులు పెట్టి లేపబోయాడు. “ఒరేయ్, నన్ను... నన్ను చంపెయ్‌రా,” అంటున్నాడు, పెద్ద మగాడు చిన్నపిల్లాడిలా చీమిడి కారుస్తూ.

“ముట్టుకోకు,” అన్నాడు హోబర్ట్.

లెనోరా తన స్కార్ఫు విప్పి, పనికొచ్చే చేత్తో అతని కంటికి అదిమిపెడదామని దగ్గరికి జరిగింది. మిగిలిన ఒక్క కన్నూ ఆమెవైపు తిరిగింది.

“నువ్వు కూడా,” అన్నాడు.

పోలీసులు, అంబులెన్సు వచ్చేదాకా వేడ్, లెనోరా చెరో పక్కన బురదలో కూర్చున్నారు. మధ్యలో హోబర్ట్ తన కన్ను తనే అదుముకున్నాడు.