కర్రోని కాలు

ఎలిశిబా జొన్నరొట్టెలు కొడుతుంటే వాకిట్ల ఏడుపు వినిపించింది. శంకరంపేట దిక్కు గొర్లు కాసే యాదవ్వ, తన కుక్క కర్రోన్ని గొంగట్ల చుట్టుకొని తెచ్చింది. బస్సు తగిలి ఎనుకకాలు ఇరిగింది. ఎముక తోలు చీల్చుకొని బయటికొచ్చింది.

"వీడు లేకుంటే తోడేలు మందను బతకనియ్యదమ్మా!"

"ఆదివారం గూడ కుక్కలేనా? ఆరాధనకు యాళ్ళైతుంది" అన్నడు భర్త లాజరు.

"కడుపు పండనోళ్ళకు కుక్కలే పిల్లలు" అన్నది అత్త లోపల్నుంచి.

ఎలిశిబాకు ఆ మాట కొత్త గాదు. హైదరాబాదుల పశువైద్యం చదివిన క్లాసుల ఆమె ఒక్కతే ఆడపిల్ల. మెదక్ పశువుల దవాఖానల ఆమెకిచ్చిన పనేమో కోళ్ళకు టీకాలు, రిజిస్టర్లు, ఆఫీసర్లొస్తే చాయ్ పంపుడు. ఇంటికొస్తే తానం చెయ్యంది కుండ ముట్టనియ్యరు. ఈ చేతులు అందరికీ అన్ని చేసినయి, నేర్చిన పని తప్ప. అనుకుంటనే చేతులు కడుక్కొని చెప్పులేసుకున్నది.

దవాఖానల పెద్ద డాక్టరు మదన్ మోహన్ చూసి పెదవి విరిచిండు. "ఇంత పుండు మీద పిండికట్టు ఏస్తే లోపల చీము పడ్తది. సూదిచ్చి శాశ్వతంగ నిద్రపుచ్చు."

"పుండు మూయొద్దు సార్. ఎముకలకు స్టీలు సూదులు దింపి, బయట కడ్డీతోని కలుపుత."

"ఇండ్లల్ల ఆడోళ్ళు స్వెటర్లల్లుతరు. మన మేడం కుక్కనల్లుతదట!" నవ్వుకుంట పోయిండు.

కాలేజీల గురువు ఇచ్చిన సూదులు ఆమె దగ్గరున్నయి. వాటిని బయట బిగించే కడ్డీ సామాన్లు లేవు. బజార్ల పళ్ళు కట్టే హమీద్‌ను అడిగితే, కట్టుడుపళ్ళకు వాడే, తడిపితే గట్టిపడే గులాబీరంగు పొడి ఇచ్చిండు.

మత్తిచ్చింది. పుండు కడిగింది. ఇరిగిన ఎముకను వరుసకు తెచ్చి, పైతుండెంల రెండు, కిందితుండెంల రెండు సూదులు మెల్లగ తిప్పుకుంట దింపింది. సూది ఎముక అవతలి గోడను కరిచినప్పుడు మణికట్టుకు తెలిసింది. పొడిని ముద్దచేసి, తోలు దాటి బయటికొచ్చిన సూదుల కొసలను ఒక్క కడ్డీగ కలిపింది. ముద్ద రాయి లెక్క గట్టిపడ్డది.

దినాం పుండు కడిగింది. రెండు నెలలల్ల పుండు మానింది, ఎముక అతికింది. సూదులు తీసిననాడు కర్రోడు కుంటుకుంట నాలుగడుగులేసి, మేకను చూసి ఉరికిండు. యాదవ్వ కొంగు నోట్ల కుక్కుకొని ఏడ్చింది.

ఆ వారమే హైదరాబాదు నుంచి పెద్దాఫీసరు తనిఖీకొచ్చిండు. కుక్క సంగతి విని మెచ్చుకున్నడు.

"నేనే దగ్గరుండి చేయించిన సార్" అన్నడు మదన్ మోహన్.

ఎలిశిబా ముందుకొచ్చింది. "చేయించలే సార్. నిద్రపుచ్చుమన్నరు. చేసింది నేను. ఇగ టీకాలు, రిజిస్టర్లు అందరం పంచుకుంటం. ఎముకల పని నాకియ్యండ్రి."

ఆఫీసరు మదన్ మోహన్ మొఖం చూసిండు. అటెన్క ఆమె చేతులు చూసిండు. "అట్లనే గానియ్యండి" అన్నడు.

ఇల్లు చేరకముందే కబురు చేరింది.

"అందరి ముందల పెద్దడాక్టరుకు ఎదురుజెప్పినవట! నా పరువేం గావాలె?" లాజరు గడపల నిలబడి అడిగిండు.

ఎలిశిబా ఆయన పక్కనుంచి లోపలికి పోయి, పీట వాల్చుకొని కూసున్నది.

"రేపు పొద్దుగాల నర్సాపూర్ నుంచి ఒక పిల్లిని తెస్తున్నరు. తొడెముక ఇరిగిందట. ఎగిలివారంగనే పోత. అన్నం మీరు వండుండ్రి" అన్నది.