వీపు షాట్‌లో పడిన మాట

"అక్కా, ఒక్క విషయం. ఈ నాలుగు రోజులు బయట నోరు విప్పకండి."

గురువారం పొద్దున ఫోన్ చేసిన రాఘవ్ నోట వచ్చిన మొదటి మాట అదే. పలకరింపు లేదు, తిన్నారా అని అడగడం లేదు. రాఘవ్ డబ్బింగ్ ఇన్‌చార్జి. ఏ పాత్రకు ఏ గొంతు కావాలో చూసి మనుషుల్ని పిలిపించేవాడు. పదేళ్ళుగా అలివేలుకు తల్లుల పాత్రలు, నర్సుల పాత్రలు, గుంపులో అరుపులు ఇప్పిస్తున్నవాడు.

"నోరు విప్పితేనే గదా నాకు కూడు," అంది అలివేలు నవ్వుతూ.

రాఘవ్ గొంతు తగ్గించాడు.

"టీవీ పెట్టి చూడండి. మళ్ళీ నేనే చేస్తాను. మీరు చెయ్యకండి."

టీవీలో నిర్మాత రెండు చేతులూ జోడించి ఉన్నాడు. "ఆ మాట మా స్క్రిప్టులో లేదండీ. తమిళంలో తీసిన అసలు సినిమాలో అయితే లేనే లేదు. తెలుగులో అమ్మవారికి గొంతు చెప్పినావిడ సొంతంగా అనేసింది. ఆమె ఎవరో కనుక్కుని చర్య తీసుకుంటాం." చెప్పి కళ్ళు తుడుచుకున్నాడు. కింద స్క్రోలింగ్‌లో అక్షరాలు పరుగెడుతున్నాయి: ఎవరా గొంతు?

గుమ్మంలో టిఫిన్ క్యారియర్ పట్టుకుని నిలబడ్డ ఆమె భర్త గోవిందసామి చెప్పులు మళ్ళీ విడిచేశాడు. అంబత్తూరులో లేత్ మిషను మీద ఇరవై ఏళ్ళు పనిచేసి ఒక్కరోజు ఆలస్యంగా వెళ్ళని మనిషి.

"ఏందిమే చేసినావు?" అన్నాడు మెల్లగా.

ఏం చేసిందో చెప్పాలంటే డబ్బింగులో ఒక అలవాటు గురించి చెప్పాలి. పాత్ర ముఖం కనబడుతున్నంతసేపూ పెదాలు కదిలినట్టే మాట పడాలి. వీపు తిరిగిందంటే మాత్రం చెప్పేవాళ్ళ ఇష్టం. అక్కడ ఖాళీ వదిలితే బొమ్మ చచ్చినట్టుంటుందని, సందర్భానికి తగిన మాట ఏదో ఒకటి నింపుతారు. మంచిగా నింపేవాళ్ళకు పేరు.

సినిమా పేరు 'అమ్మవారి అర్జీ'. గుళ్ళో తన మాట సాగడం లేదని అమ్మవారు పోలీస్ స్టేషన్‌కు వెళ్ళి ఫిర్యాదు ఇస్తుంది. స్టేషన్ రైటరు అడ్రసు ప్రూఫ్ అడుగుతాడు. నీ గుడికి నువ్వే వెళ్ళి కాగితం తెచ్చుకో అంటాడు. అమ్మవారు ముసలమ్మ వేషంలో తన గుడికే వచ్చి ఉచిత దర్శనం వరసలో నిలబడుతుంది. మంత్రిగారి చేత తలకు పరివట్టం, అంటే గుడి మర్యాదగా చుట్టే పట్టుగుడ్డ, ముందు తామే కట్టించుకోవాలని కమిటీ వాళ్ళు ఒకరి మీద ఒకరు పడుతుంటారు. కెమెరా అమ్మవారి వెనక ఉంది. అంటే వీపు షాట్. తమిళంలో అక్కడ ఒక్క నిట్టూర్పే.

అలివేలు ఆ ఖాళీలో నింపింది: "తోసుకోబాకండి నాయనా. అందరికీ ఉండాది."

రాఘవ్ చేతిలో టీ ఒలికేదాకా నవ్వాడు. అదే ఉంచేశాడు. మొదటి వారం హాళ్ళలో ఈలలు పడింది ఆ మాటకే. రెండో వారం రాళ్ళు పడిందీ ఆ మాటకే. అమ్మవారి నోట ఎగతాళి పెట్టారని రెండు ఊళ్ళలో పోస్టర్లు తగలబెట్టారు.

సినిమా చివర పేర్లలో తన పేరు వెయ్యలేదని అలివేలు పది రోజులు రాఘవ్‌తో మాట్లాడలేదు. ఇప్పుడు ఆ లేని పేరే ఆమె ప్రాణానికి అడ్డుగోడ. ఆ గోడకు ఒకటే చిల్లు. ఆ మాట ఆమె ఎక్కడినుంచో ఊహించి తెచ్చింది కాదు. తిరువొత్తియూరులో వాళ్ళ వీధి చివర గంగమ్మ గుళ్ళో, తమిళుల ఆడి నెలలో అంబలి పోసే ఆదివారం, పద్నాలుగేళ్ళుగా ఆమె మైకులో అనే మాటే అది. అదే గొంతు, అదే సాగతీత.

"గొంతు పోయిందని చెప్పు," అన్నాడు గోవిందసామి. అల్మారాలోంచి పాత మఫ్లరు తీసి ఆమె మెడకు తానే చుట్టాడు. "పండగ అయిపోనీ. ఎవురడిగినా చెయ్యి ఊపు."

ఆ రోజు నుంచి అలివేలు మూగదయింది.

పాలకు వెళితే రెండు వేళ్ళు చూపించింది. ట్యాంకర్ దగ్గర నీళ్ళ వంతుకు బిందె ఎత్తి చూపించింది. భయం అక్కడ కాదు. వీధిలో నడుస్తుంటే తన గొంతు తన వెంట వచ్చేది. ఇస్త్రీ బండి మీద ఫోన్‌లో ఒకసారి. మేడ మెట్ల మీద కూర్చున్న ఆడపిల్లల మధ్య ఒకసారి. రైల్వే స్టేషన్ దారిలో ఆటోలోంచి ఒకసారి. తోసుకోబాకండి నాయనా. ఆమె దగ్గరికి రాగానే ఫోన్ ఆగిపోయేది. దాటిపోయాక మళ్ళీ మొదలయ్యేది. వీళ్ళు గుర్తుపట్టలేదా, పట్టీ పట్టనట్టున్నారా, తేలేది కాదు.

ఎదురింటి కాళియమ్మ మిరియాల కషాయం తెచ్చింది. డెబ్బై ఏళ్ళ మనిషి. ఒడ్డున చేపలు అమ్మి అమ్మి ఆమె గొంతు అరవకపోయినా అరిచినట్టే ఉంటుంది.

"తాగు బిడ్డా. ఆదివారం లోపల గొంతు రావాల. నువ్వు చెప్పకుంటే ఆ జనాన్ని ఎవురు ఆపతారు? పోయినేడు నువ్వు వచ్చేలోపల దామోదరం చెప్పబోతే వాన్నే తోసేసినారు."

అలివేలు కషాయం తాగింది. కాళియమ్మ ఆమె మెడకున్న మఫ్లరు వైపు ఒకసారి చూసింది. ఖాళీ గ్లాసు తీసుకుని వెళ్ళిపోయింది.

శుక్రవారం సాయంత్రం దామోదరం ఇంటికే వచ్చాడు. గుడి కమిటీ పెద్ద. హార్డ్‌వేర్ కొట్టు. ఏటా మొదటి పరివట్టం తన తలకే చుట్టాలి. లేకపోతే ఆ ఏడాది ఎవరితోనూ మాట్లాడడు. ఆయన వెనక పాతికేళ్ళ కుర్రాడొకడు, నుదుట అడ్డంగా కుంకుమ.

"శక్తివేల్ అని. కొరుక్కుపేట తంబి," అన్నాడు దామోదరం కుర్చీలో కూలబడుతూ. "ఆ సినిమా మీద గలాటా చేస్తా ఉండే పిల్లకాయల్లో ఈయనే పెద్ద. చూసినావా అలివేలూ, ఆ సినిమాలో కమిటీవాడు నా మాదిరే నడస్తాడంట. నా కొట్టు కాడ పిల్లకాయలు నడిచి చూపిస్తా ఉండారు."

అలివేలు మెడ పట్టుకుని తల ఊపింది.

శక్తివేల్ కూర్చోలేదు. ఫోన్ తీసి ఆమె ముందు పెట్టాడు. "మీరు డబ్బింగ్ ఫీల్డంట గదక్కా. ఈ గొంతు ఎవురిదో చెప్పండి."

ఫోన్ మాట్లాడింది. తోసుకోబాకండి నాయనా. అందరికీ ఉండాది.

దామోదరం చూపు తిప్పుకున్నాడు. వంటింటి గడపలోంచి గోవిందసామి ఒక అడుగు ముందుకు వేశాడు. అలివేలు రెండు అరచేతులూ తిప్పి చూపించింది, తెలియదన్నట్టు. శక్తివేల్ మళ్ళీ వేశాడు. మళ్ళీ వేశాడు. ఫోన్ వైపు కాదు, ఆమె ముఖం వైపు చూస్తున్నాడు.

"ఈ గొంతు నేను చిన్నప్పుడు విన్నా," అన్నాడు. గొంతులో కోపం లేదు. అదే ఎక్కువ భయపెట్టింది. "సినిమాలో కాదు. యాడనో బయట. ఎండలో. మా అమ్మ నా చెయ్యి పట్టుకోనుండాది. అంతవరకే గుర్తుండాది. మిగిలింది రావడంలా."

ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "వస్తాది."

వాళ్ళు వెళ్ళాక గోవిందసామి తలుపు గడియ వేశాడు. "ఆదివారం నువ్వు పోబాక."

అలివేలు రెండు రోజుల తర్వాత మొదటిసారి మాట్లాడింది. "పద్నాలుగేళ్ళుగా పోతా ఉండాను. ఈ ఏడు పోకుంటే వేలుపెట్టి చూపించినట్టు గాదా?"

ఆదివారం పదకొండు గంటలకల్లా వీధి నిండిపోయింది. వేపాకు తోరణాలు, పంబ మోత, సముద్రం మీంచి ఉప్పగాలి. గుడి ముందు అంబలి కాచే మూడు పెద్ద అండాలు. రెండు దించారు. మూడోది ఇంకా పొయ్యి మీద తుకతుకమంటోంది. వెదురు బొంగులు కట్టిన దారిలో ఆడవాళ్ళు చెంబులూ క్యాన్లూ పట్టుకుని నిలబడ్డారు. అందరికంటే ముందు కాళియమ్మ. ఏటా ఆమే ముందు.

అలివేలు మెడకు మఫ్లరుతోనే వచ్చింది. గరిటె పట్టుకుని రెండో అండా దగ్గర నిలబడింది. పక్కనే మైకు. మైకు ముందు తలకు పరివట్టంతో దామోదరం. ఆంప్లిఫయర్ పెట్టె దగ్గర చేతులు కట్టుకుని శక్తివేల్. వీధి మొగలో మోటారు బైకుల మీద పదిహేను మంది. అందరి నుదుటా కుంకుమే.

వాళ్ళు అంబలి కోసం రాలేదు. శక్తివేల్ రమ్మన్నప్పుడు వద్దామని కూర్చున్నారు.

"భక్తులారా, దయచేసి క్రమశిక్షణ పాటించవలసిందిగా కోరడమైనది," అన్నాడు దామోదరం మైకులో.

వెనకనుంచి ఎవరో నవ్వారు. రైలు దిగిన జనం అప్పుడే వీధిలోకి మళ్ళారు. వరస వెనకాల ఒత్తిడి మొదలైంది. బొంగులు కిర్రుమన్నాయి. దామోదరం మళ్ళీ అదే మాట ఇంకా గట్టిగా చదివాడు. గోవిందసామి పక్కనుంచి భార్య వైపు చూసి తల అడ్డంగా ఆడించాడు.

అప్పుడు పొయ్యి వైపు బొంగు విరిగింది.

గోడ కూలినట్టు వరస ఆ పక్కకు ఒరిగింది. అందరికంటే ముందున్న కాళియమ్మను జనం మూడో అండా మీదికి నెట్టుకుపోతున్నారు. ఆమె చెంబు పడిపోయింది. ఆపుకోవడానికి చెయ్యి చాపింది. చెయ్యి కాలే అండా అంచు మీద పడింది. ఆమె నోరు తెరుచుకుంది గానీ ఆ అరుపు పంబ మోతలో కలిసిపోయింది. ఇంకో రెండు అడుగులు జరిగితే అండా, ఆమె, ఆమె వెనక ఇరవై మంది.

శక్తివేల్ మైకుకు అడుగు దూరంలో ఉన్నాడు. ఆ సంగతి అలివేలుకు తెలుసు. మెడ మీది మఫ్లరు లాగి పారేసింది. దామోదరాన్ని భుజంతో నెట్టి మైకు అందుకుంది.

"తోసుకోబాకండి నాయనా. అందరికీ ఉండాది. ఒక అడుగు ఎనక్కి."

వీధి ఆగిపోయింది.

పద్నాలుగేళ్ళ అలవాటు. వందలమంది, ఆలోచించకుండానే, ఒక్క అడుగు వెనక్కి వేశారు. పంబ వాయించేవాళ్ళు కూడా చేతులు ఆపారు. కాళియమ్మను ఎవరో నడుం పట్టి పొయ్యి దగ్గరనుంచి లాగేశారు.

అలివేలు తల తిప్పి చూసింది. శక్తివేల్ కూడా ఒక అడుగు వెనక్కి వేసి ఉన్నాడు.

తన కాళ్ళు ఏం చేశాయో అతనికి ఆ తర్వాత అర్థమైంది. అప్పుడు చెయ్యి జేబులోకి పోయి ఫోన్ తీసింది.

"ఈడే," అన్నాడు అలివేలుతో, ఏదో తప్పు చేసి పట్టుబడినవాడిలా. "మా అమ్మ చెయ్యి పట్టుకోని ఈడే నిలబడినా." ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. "దొరికింది. రండి."

వీధి మొగలో బైకులు ఒకటొకటిగా స్టార్టయ్యాయి.

దామోదరం అలివేలు చెవి దగ్గరికి వంగాడు. పరివట్టం కిందనుంచి చెమట కారుతోంది. "అమ్మా, నీకు దండం పెడతా. బయటికి పోయి వాళ్ళతో మాట్లాడుకో. గుడి ముందర వొద్దు. గుడికి చెడ్డ పేరు." మైకు స్విచ్ వైపు చెయ్యి చాచాడు.

ఆ చెయ్యిని కాళియమ్మ పట్టుకుంది, కాలని చేత్తో. రెండో చేతి వేళ్ళు అప్పటికే ఉబ్బుతున్నాయి.

"మాకు మొదటిరోజే తెలుసు బిడ్డా," అంది అలివేలుతో. "గొంతు పోయిందంటే ఈ వీధిలో ఎవురు నమ్మినారు? సినిమా చూసి నవ్వినోళ్ళం మేమే. నువ్వే మాతో మాట్లాడకుండా పోయినావు." వెనక్కి తిరిగి ఆడవాళ్ళతో అంది, "ఏంది చూస్తా ఉండారు? వరస కట్టండి."

విరిగిన బొంగు ఉన్నచోట ఆడవాళ్ళు వచ్చి నిలబడ్డారు. ఏటా ఒకరి కాలు ఒకరు తొక్కుకునే ఆ వరస ఆ రోజు గోడలా కుదురుకుంది. గోవిందసామి వచ్చి భార్య పక్కన నిలబడి, కింద పడ్డ గరిటె తీసి పంచెకు తుడిచాడు.

"జరగండక్కా," అన్నాడు శక్తివేల్. ఎవరూ జరగలేదు.

బైకులు గుడి ముందు ఆగాయి. ఇంజన్లు ఆపలేదు. పొగ వేపాకు తోరణాల మీదుగా లేచింది. ముందు బండి దిగినవాడు లావుపాటి మనిషి, చేతిలో క్రికెట్ బ్యాటు. వాడి వెనక ఒకడు, వాడి వెనక ముగ్గురు.

"ఎవురు?" అని అడిగాడు శక్తివేల్‌ను.

శక్తివేల్ చెవిదగ్గర ఫోన్ అలాగే ఉంది. అతను అలివేలును చూస్తున్నాడు. వేలు ఎత్తలేదు, నోరు విప్పలేదు. ఆ రెండూ ఎంతసేపు అలా ఉంటాయో చెప్పడం ఎవరి తరమూ కాదు.

పొడుగ్గా కీచుమని మైకు మూలిగింది. అలివేలు దాన్ని నోటికి దగ్గరగా తీసుకుంది. ఇప్పుడు దాచడానికి ఏమీ మిగల్లేదు. ఏ షాటూ లేదు, నింపాల్సిన ఖాళీ ఒక్కటే ఉంది.

"వచ్చేవాళ్ళు చెప్పులు ఆడ విడవండి నాయనా," అంది, ప్రతి ఏడూ అనే గొంతుతోనే. "వరసలో రండి. అందరికీ ఉండాది."

బ్యాటు పట్టుకున్నవాడు గుడి మెట్టు మీద ఒక కాలు పెట్టి ఆగాడు. వాడి చూపు తన కాళ్ళకున్న చెప్పుల మీదికి పోయింది.