ఎడమ చేతి మీట

పొద్దున్నే కారు తుడవడం నా పనుల్లోకి ఎప్పుడు వచ్చి చేరిందో నాకే గుర్తు లేదు. నీళ్ళు పట్టి, అత్తకు చాయ్ ఇచ్చి, బావ డ్యూటీ క్యారియర్ సర్ది, ఇక ఒక్క నిమిషం కూర్చుందామనుకునేలోపు లోపలి నుంచి బావ కేక వినిపిస్తుంది. "శోభా, బండి మీద బొగ్గు పొడి చూసినవా? అద్దం కనవడ్తలేదు!" గని పక్కనున్న మా సెంటినరీ కాలనీలో రాత్రి బయట ఏది వదిలేసినా తెల్లారేసరికి నల్లబడుతుంది. తడిగుడ్డతో తుడుస్తుంటే ఎదురు క్వార్టర్ ఆమె చీపురు పట్టుకుని గేటు దాకా వచ్చి, "నీకేందక్కా, కార్ల తిరుగుతున్నవు, అదృష్టం" అంటుంది. నేను నవ్వి గుడ్డ పిండుకుంటాను. ఆ అదృష్టం ఏంటో ఆమె కూడా ఒక రోజు మా కారులో ఎక్కి చూస్తే బాగుండునని అనిపిస్తుంది. ఆ తర్వాత చాయ్ గిన్నెలు తోమడానికి లోపలికి పోతాను.

అది చిన్న కారు, సెకండ్ హ్యాండ్, ఆటోమేటిక్. బదిలీ మీద పోతున్న ఒక ఇంజనీరు దగ్గర కొన్నాం. బావ, అంటే నా భర్త వేణుమాధవ్, మా మేనత్త కొడుకు, ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో డంపర్ ఆపరేటర్, బొగ్గు మోసే పెద్ద లారీ నడిపేవాడు. ప్రమాదంలో కుడి మోకాలు దెబ్బతిన్నాక డాక్టర్లు ఏ బండీ నడపొద్దన్నారు. కంపెనీ ఆయనకు ఆఫీసులో కూర్చునే పని ఇచ్చింది. ఆయనను పొద్దున దింపి సాయంత్రం తీసుకురావాలంటే నేను నేర్చుకోక తప్పలేదు. "గేర్ల బండి ఎందుకు, ఆడిదానికి క్లచ్చేందో బ్రేకేందో తెలువది. గేర్లు లేనిదే మంచిగ" అని మా అత్త సమ్మవ్వ ముందర తేల్చేశాడు. అత్త తలూపింది. ఆమె జీవితంలో కారు స్టీరింగ్ ముట్టలేదు, అయినా తలూపింది. నేను వంటింట్లో నిలబడి విన్నాను.

బండి ఇచ్చేటప్పుడు ఆ ఇంజనీరు భార్య ప్రసూన గారే నాకు నడపడం నేర్పింది. భీమవరం వైపు మనిషి. కాలనీ గ్రౌండులో నన్ను కూర్చోబెట్టి, స్టీరింగ్ వెనక చెవుల్లా ఉన్న రెండు చిన్న మీటలు చూపించింది. "వీటిని పాడిల్ షిఫ్టర్లంటారండీ. ఊరికే అలంకారానికి కాదు. ఎడమది లాగితే ఒక గేరు తగ్గుతుంది, కుడిది లాగితే పెరుగుతుంది. ఆటోమేటిక్ కదా, మామూలుగా గేర్ల సంగతి బండే చూసుకుంటుంది. కానీ ముందు లారీని దాటాలనుకోండి, దాని మానాన దాన్ని వదిలేస్తే ఆలోచించుకుని ఆలోచించుకుని కదులుతుంది. అప్పుడు ఎడమది లాగి కాలు గట్టిగా తొక్కండి. ఇంజను ఒక్కసారిగా అరుస్తుంది. భయపడకండి శోభగారూ, ఆ అరుపే బలం."

లాగాను. గ్రౌండు మధ్యలో ఇంజను పెద్దగా అరిచింది, నేను తొక్కాను, బండి ముందుకు దూకింది. నాకు నవ్వు ఆగలేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నేను చెప్పగానే విన్నది అదొక్కటే మరి. అన్నం వండితే ఉప్పు గురించి, చీర కడితే అంచు గురించి, ఏం చేసినా ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటారు. ఇక్కడ నా వేలు అడిగింది, బండి ఇచ్చింది, అంతే. ఆ రోజు ఇంటికొచ్చాక కూడా కూరగాయలు తరుగుతూ ఎడమ చేతి వేళ్ళు రెండు ఊరికే ముడుచుకుని చూసుకున్నాను.

బావ మొదటిసారి నా పక్కన కూర్చున్నప్పుడే ఆ సంతోషం పోయింది. ఎడమ మీటను నేను ఒకసారి లాగి చూపించాను. ఇంజను అరిచి, కాలు తీయగానే వేగం తగ్గింది. ఆయన మొహం వెలిగింది. "అరే, గిది రిటార్డరే!" అన్నాడు. బొగ్గు గనిలో నిండు డంపర్ వాలు దిగేటప్పుడు బ్రేకు మీద భారం వేయకుండా మెల్లగా దించే పిడి ఒకటి ఉంటుంది, దాన్ని వాళ్ళు రిటార్డర్ అంటారు. ఇన్నేళ్ళు డంపర్ నడిపిన మనిషికి బండిని అలా ఆపేది ఏదైనా అదే. అది బలం కూడా ఇస్తుందని చెప్పబోతే వినలేదు. "నాకు చెప్తున్నవా? నువ్వు దీన్ని ముట్టకు. ఇది నేను చూసుకుంట. నువ్వు స్టీరింగ్ చూసుకో" అన్నాడు. ఎడమ సీట్లో కూర్చున్న మనిషి కుడి చెయ్యికి ఆ మీట సరిగ్గా అందుతుంది. ఇక ఆ రోజు నుంచి బండి కాస్త వేగం పుంజుకుంటే చాలు, నా మణికట్టు మీదుగా ఆయన చెయ్యి వచ్చేది. చటుక్కున మీట గుంజేవాడు. బండి అరిచేది, ముక్కు నేలకు రాసుకున్నట్టు ఆగేది. వెనకవాళ్ళు హారన్ కొట్టేవాళ్ళు, అద్దంలోంచి నన్ను తిట్టుకుంటూ పోయేవాళ్ళు. మీట గుంజేది ఆయన, తిట్లు మాత్రం నాకు.

గనిలో డంపర్ కదిలే ముందు హారన్ కొట్టాలన్న రూలు కూడా నాతో పాటింపజేసేవాడు. కాలనీ గల్లీలో ఖాళీ రోడ్డు మీద కూడా కొట్టి కదలాలి. పిల్లలు మా బండిని చూసి "డంపర్ అచ్చింది" అని నవ్వేవాళ్ళు. చుట్టాల్లో ఎవరికి దవాఖాన అవసరమైనా, పెళ్ళిచూపులైనా, యూనియన్ మీటింగైనా "వేణన్నా, జర బండి పంపు" అని ఫోను వచ్చేది. బండి అంటే అందులో నేనూ ఉన్నానని లెక్క. పొయ్యి మీది కూర దించి పోయేదాన్ని. ఒకసారి యూనియన్ ఆఫీసు ముందు స్నేహితులతో బావ అన్నాడు, "తోలేది ఆమెనే గని, ఆపేది నేనే." అందరూ పకపకా నవ్వారు. వాళ్ళతో పాటు నవ్వితే తొందరగా అయిపోతుందని నేనూ నవ్వాను.

ఆయన భయం నాకు తెలియంది కాదు. ప్రమాదం రోజు డంపర్ నడుపుతున్నది ఆయన కాదు, తోటి ఆపరేటర్ సదయ్య. షిఫ్టు దిగి వస్తూ బావ పక్క సీట్లో కూర్చున్నాడు. వానకు బురదైన వాలు దిగుతుంటే చక్రం జారింది. "రిటార్డర్ గుంజు, గుంజు" అని బావ అరిచాడట. సదయ్య బిగుసుకుపోయాడు. పిడి అటువైపు ఉంది. సదయ్య చనిపోయాడు, బావ మోకాలితో బయటపడ్డాడు. దవాఖానలో మత్తులో కూడా "అందలేదు శోభా, చెయ్యి అందలేదు" అనేవాడు. ఆ మాట కోసమే ఇన్నాళ్ళూ నా చేతి మీదికి ఆయన చెయ్యి వచ్చినప్పుడల్లా పళ్ళు బిగించి ఊరుకున్నాను. పాపం అనుకున్నాను. నిజంగానే పాపం.

అవతల మా అవ్వ, అంటే అమ్మ, కనకవ్వ రామకృష్ణాపూర్‌లో తమ్ముడి దగ్గర ఉండేది. మూత్రపిండాలు పాడై మంచాన పడింది. నేను బండి నడుపుతానని వాడకట్టు మొత్తం చెప్పుకునేది. పోయిన దసరాకు నా చెయ్యి పట్టుకుని, "నా నోట్ల ఆఖరి నీళ్ళు నువ్వే పొయ్యాలె బిడ్డా. కొడుకు కొరివి పెడ్తడు, అది వాని పని. నీళ్ళు నీ చేతిలకెల్లే కావాలె. నీకేంది, బండున్నది, ఉరికొస్తవు" అంది. మావైపు కూతురు పోసే ఆ నీళ్ళతోనే తల్లి దాహం తీరి పోతుందంటారు. సరే అవ్వా అన్నాను.

తమ్ముడు రాయమల్లు ఫోను చేసిన రోజు కాలనీ మొత్తం గులాల్ చల్లుకుంటోంది. ఢిల్లీలో తెలంగాణ బిల్లు పాసైన సంబురం ఇంకా సాగుతోంది. "అక్కా, దవాఖానోళ్ళు ఇంటికి తీస్కపొమ్మన్నరు. అవ్వ నిన్నే అడుగుతుంది. జల్ది రా" అన్నాడు. తాళాలు తీసుకున్నాను.

"ఆగు, నేనొస్త. హైవే మీద ఒక్కదానివెట్ల పోతవు?" అన్నాడు బావ.

"నేను పోత బావా. నువ్వు అత్తను తీస్కోని ఎనక బస్సుల రా."

"మొగడు ఉండంగ ఒక్కతే బండేస్కోని వచ్చిందంటరు. అంగీ మార్చుకోని వస్త, ఆగు."

అంగీ మార్చుకున్నాడు. తల దువ్వుకున్నాడు. గేటు దగ్గర ఎవరో గులాల్ పూస్తే మళ్ళీ మొహం కడుక్కున్నాడు. నేను స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాను.

గోదావరి బ్రిడ్జి దాటుతుంటే ఆయనే మాట్లాడాడు. "చూసినవా శోభా, మన రాజ్యం మనకొచ్చింది. ఇగ మనమీద ఎవ్వని పెత్తనం ఉండది. మన నిర్ణయం మనదే." అంటూనే చెయ్యి చాపి మీట గుంజాడు. బ్రిడ్జి మీద వేగం ఎక్కువైందట.

ఇందారం దగ్గర ముందు ఒక బొగ్గు లారీ. నిండు లోడుతో, టార్పాలిన్ ఎగిరెగిరి పడుతూ, నడిచే మనిషిలా పోతోంది. ఎదురుగా రోడ్డు ఖాళీ, కనుచూపు మేర ఏమీ లేదు. ప్రసూన గారు చెప్పినట్టే చేశాను. ఎడమది లాగాను. ఇంజను అరిచింది. "ఆఁ, గట్ల, మెల్లగ" అన్నాడు బావ, నేను ఆపుతున్నాననుకుని. నేను తొక్కాను. బండి కుడివైపు దూకి లారీ పక్కకు వచ్చింది. లారీ డ్రైవర్ మొహం కూడా కనిపించింది. ఇంకొక్క క్షణం చాలు.

"ఏయ్, ఏం చేస్తున్నవ్! ఆపు!" బావ చెయ్యి నా చేతి మీద పడింది. మీట గుంజాడు, మళ్ళీ గుంజాడు. ఇంజను అప్పటికే అంచుకు చేరి ఉంది, ఇంకో గేరు తగ్గించడానికి బండి ఒప్పుకోలేదు. రెండో చెయ్యి స్టీరింగ్ మీద వేశాడు. బండి ఊగింది. "సదయ్య లెక్క నన్ను గూడ చంపుతవా!" అని అరిచాడు.

ఆ పేరు వినగానే నా కాలు దానంతటదే లేచింది. బండి వెనక్కి పడి మళ్ళీ లారీ వెనకకు చేరింది. బావ చెమటలు తుడుచుకుంటూ, "ఎనకనే ఉండు. పోతం గదా, ఎటు పోతరు" అన్నాడు. శ్రీరాంపూర్, మంచిర్యాల, అదే లారీ, అదే టార్పాలిన్. ఆ తర్వాత ఆయన చెయ్యి మీట మీంచి తీయలేదు.

క్యాతనపల్లి దగ్గర రైల్వే గేటు. మా ముందున్న లారీ దాటింది, మేం దాటేలోపు గేటు పడింది. బొగ్గు వ్యాగన్లు వచ్చి అక్కడే నిలిచిపోయాయి. దిగి పరిగెడదామంటే వ్యాగన్ల కింద దూరాలి. బావ దిగి ఎవరో తెలిసినాయనతో బిల్లు సంగతి మాట్లాడుతున్నాడు. తమ్ముడి ఫోను. "ఏడున్నవక్కా?" "గేటు కాడ." ఫోనులో వెనక ఎవరో ఏడవడం మొదలుపెట్టారు. మెల్లగా ఏడుస్తున్నారు, ఇంకా అయిపోలేదేమోనని నేను ఆశపడ్డాను.

ఇంటికి చేరేసరికి అవ్వను కింద పడుకోబెట్టారు. తమ్ముడి భార్య చేతిలో చెంబు ఉంది. "నేనే పోసిన వదినా. మింగలేదు, సగం బయటికే వచ్చినయి" అని ఏడ్చింది. "మాట పడిపోయేదాక 'శోభ బండి చప్పుడైతుందా, ఇనున్రి' అన్నది." నేను అవ్వ పెదవులు చూశాను. తడిగా ఉన్నాయి. ఆ తడి నాది కాదు. నా గొంతులోంచి వచ్చిన ఏడుపు నాకే కొత్తగా వినిపించింది.

బయట వాకిట్లో బావ మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. "దారంత లారీలే. ఈమె తొందరకు ఏమయ్యేదో, నేను పక్కన ఉండవట్టి పాణాలతోని తీస్కచ్చిన." "మంచి పని చేసినవు అల్లుడా" అన్నారు ఎవరో పెద్దమనిషి.

దినాలయ్యేదాకా ఆ ఇంట్లోనే ఉన్నాను. వచ్చిపోయేవాళ్ళకు వండాను, గిన్నెలు కడిగాను, అవ్వ చీరలు మడతపెట్టాను. బావ రోజూ ఎవరో ఒకరికి ఆ ప్రయాణం చెప్పేవాడు. నేను గిన్నెలు కడుగుతూ ఆలోచించేదాన్ని. ఆయన భయం అబద్ధమైతే కోపం చేసుకుని తేలికపడేదాన్ని. అది నిజం. ఇన్నేళ్ళు దాన్ని ఇంట్లో మనిషిలా సాకాను, నా పక్కన కూర్చోబెట్టుకున్నాను, నా చేతి మీద చెయ్యి వేయనిచ్చాను. దానికి ఆకలేసినప్పుడల్లా ఏం తింటుందో మాత్రం ఎప్పుడూ లెక్క చూసుకోలేదు. ఆ నేల మీద కూర్చుంటే అవ్వను పడుకోబెట్టిన చోటు కనబడేది, చేతిలో గిన్నె అట్లాగే ఉండిపోయేది.

బయలుదేరే రోజు పొద్దున అందరూ వాకిట్లోకి వచ్చారు. తమ్ముడు, మరదలు, వాడకట్టు ఆడవాళ్ళు. నేను స్టీరింగ్ ముందు కూర్చుని తలుపులన్నీ లోపలి నుంచి లాక్ చేశాను. బావ ముందు డోరు గుంజి, రాకపోయేసరికి అద్దం మీద కొట్టాడు. అద్దం కొంచెం దించాను.

"ఎనక కూసో బావా" అన్నాను.

"ఏంది?"

"ఎనక."

"గిదేం లొల్లి? అందరు చూస్తున్నరు. లాక్ తియ్యి."

"చూడనియ్యి."

గొంతు తగ్గించి, అద్దం దగ్గరికి వంగాడు. "శోభా, నీకు తెలుసు గదా. నాకు భయమైతది." ఆయన కళ్ళు నిజంగానే భయపడుతున్నాయి. నాకు జాలేసింది. ఇప్పటికీ వేస్తుంది.

"తెలుసు. నీ భయానికి మా అవ్వ నోట్ల నీళ్ళు ఇచ్చిన. ఇంకియ్యను" అన్నాను.

వెనక డోరు లాక్ మాత్రం తీశాను. అది తెరుచుకుని, మళ్ళీ మూసుకున్న చప్పుడు వినేదాకా బండి కదిలించలేదు.