వీపు చూసే మనిషి

కొండ దిగి ఇంటికి రాగానే మర్డో చేసే మొదటి పని పెళ్ళాం ఇష్బెల్ వీపు చూడటం. సరసమేమీ కాదు. కళ్ళజోడు తగిలించుకుని, ఆమెను దీపం కిందికి తిప్పి, రక్తం పీల్చే పిడుదులేమైనా పట్టాయేమోనని వెతికేవాడు. దొరికితే చిన్న కొక్కెంతో ఊడలాగి, పెద్ద చేపను పట్టినవాడిలా చూపించేవాడు.

చలికాలంలో మర్డో పోయాడు. ఇష్బెల్ కొండలెక్కడం మానలేదు. ప్యాంటు సాక్సుల్లోకి దోపుకునేది, కాళ్ళూ చేతులూ తనే చూసుకునేది. వీపు మాత్రం దేవుడికి వదిలేసింది.

ఈమధ్య ఒంట్లో సత్తువ లేదు. మోకాళ్ళ నొప్పులు, ఉండుండి జ్వరం. దుఃఖమంటే ఇదే కాబోలనుకుంది. పరామర్శ కార్డుల్లో మోకాళ్ళ సంగతి ఎవరూ రాయలేదు గానీ.

ఆ ఆదివారం షీల్ లోయలో సగం కొండెక్కి కూలబడింది. "నాకిక కొండల యోగం లేదు. ఈ బూట్లు నువ్వు తీసుకో," అంది వెంట వచ్చిన ఆడపడుచు రోనాతో.

"పడవలంత ఉన్నాయి వదినా. నేనేం చేసుకోను?"

కారు దగ్గర తడిసిన చొక్కా మార్చుకుంటుంటే రోనా కేకేసింది. "కదలకు! వీపు మీద ఇదేంటి?"

"సంచి పట్టీ ఒరుసుకుని ఉంటుంది."

"ఏ పట్టీ ఇంత గుండ్రంగా ఒరుస్తుంది? సాసరంత ఎర్రటి వలయం, మధ్యలో మచ్చ! ఎన్నాళ్ళయింది?"

"నాకు వీపున కళ్ళున్నాయా?"

"నాకున్నాయిగా! ఒక్కసారి పిలవకూడదూ?"

"చొక్కా విప్పి చూపిస్తా రమ్మని ఎలా పిలవనే?"

మర్నాడు డాక్టరమ్మ ఒక్క చూపుతో తేల్చేసింది. "లైమ్ జబ్బు, పిడుదు కుడితే వచ్చేది. ఈ మచ్చ చాలు, రక్తపరీక్ష అక్కర్లేదు. త్వరగానే పట్టుకున్నారు, నయమైపోతుంది. మూడు వారాలు మాత్రలు వాడండి. ఆ మాత్రలకి ఎండ పడదు, అన్నాళ్ళూ ఎండలో తిరక్కండి."

కిటికీ బయట నాలుగు రోజులుగా వాన. తోడొచ్చిన రోనా నవ్వాపుకోలేక వరండాలోకి పరిగెత్తింది.

మాత్రలు అయ్యాయి, మోకాళ్ళు దారికొచ్చాయి. మర్డో లేని బెంగ ఎక్కడికీ పోలేదు. దాన్ని వెంటేసుకుని కొండెక్కే ఓపిక మాత్రం తిరిగొచ్చింది.

సెప్టెంబరులో ఓ సాయంత్రం, కొండ దిగి బురద బూట్లతో నేరుగా రోనా వంటింట్లోకి వచ్చింది ఇష్బెల్. జేబులోంచి మర్డో కళ్ళజోడు తీసింది.

"ఇది పెట్టుకుని చూడు."

రోనా కాసేపు దాన్ని చేతిలోనే ఉంచుకుంది. తర్వాత పెట్టుకుంది.

"ఇటు తిరుగు వదినా, వెలుతురుకి. అమ్మో, అన్నయ్య కళ్ళతో చూస్తే నీ వీపు కొండంత ఉంది!"

"సరిగ్గా చూడవే."

"చూస్తున్నా. అవతల సూప్ పొంగిపోతోంది, అయినా చూస్తున్నా."

ముప్పై ఏళ్ళు మర్డోకి చెప్పడం తోచని మాట ఇష్బెల్ గోడవైపు తిరిగి చెప్పింది. "థాంక్స్ రోనా."

"సర్లే. మెడ వంచు."